తొమ్మిదో మీట నవ్వు

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్నాయనా, నువ్వూ రా. నువ్వు వదిలేసినా గోడ నిలబడుతుందిలే. ఆ మూల గుసగుసలు చాలు. ఫోన్లు జేబుల్లో పెట్టండి, నోళ్ళు కూడా వాటితోపాటే పెట్టేయండి. చెవులొక్కటే బయట ఉంచుకోండి. ఇది ఒక నవ్వు కథ. నవ్వు కథ అన్నాను కదా అని ఇప్పుడే పళ్ళికిలించకండి. ముందు వినండి, తర్వాత మీ ఇష్టం.

ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని రోజులు. ఒక ఊరు, ఊరి మధ్యలో ఏరు. ఏటికి ఈవల ఉండేవాళ్ళు కాస్త తెల్లగా, ఆవల ఉండేవాళ్ళు బాగా నల్లగా ఉండేవాళ్ళు. పనికోసమని ఆవలొడ్డు వాళ్ళు పడవెక్కి ఈవలకి వచ్చి, ఇక్కడే ఇళ్ళు కట్టుకుని, ఇక్కడే పిల్లల్ని కని, ఇక్కడే ముసలివాళ్ళయ్యారు. అయినా వాళ్ళ పేరు మాత్రం ఆవలొడ్డోళ్ళే. తాత ఏరు దాటినా మనవరాలు కూడా ఒడ్డు చేరినట్టు లెక్క కాదన్నమాట.

ఆ ఊళ్ళో ఒక టీవీ స్టూడియో ఉండేది. ఆ స్టూడియోలో నేల తుడిచే ఆవిడ ఆవలొడ్డు మనిషి. ఆవిడకో పేరుండేది, కానీ ఎవరూ అడగలేదు. నవ్వులమ్మ అని వాళ్ళే పెట్టేసుకున్నారు. ఎందుకంటే ఆవిడ నవ్వు అలాంటిది మరి! ఆవిడ నవ్విందంటే మూడు వీధుల అవతల పడుకున్న కుక్కలు లేచి తోకలూపేవి. ఒకసారి బస్టాపులో నవ్వితే, వెనకాల ఇంకో బస్సు హారన్ కొడుతోందనుకుని డ్రైవరు పక్కకి తీసి దారిచ్చాడు. పళ్ళ డాక్టరు గది బయట కూర్చుని నవ్వితే, లోపల కుర్చీలో ఉన్నాయన పన్ను దానంతటదే ఊడి డాక్టరు చేతిలో పడింది. పట్టకారు కూడా పెట్టలేదట. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ డాక్టర్నే అడగండి.

ఆ నవ్వు టేపులోకి ఎలా ఎక్కిందో చెప్తా. ఒకరోజు కత్తియుద్ధం సీను తీస్తున్నారు. నవ్వులమ్మ అప్పుడే నేల తుడిచి, "తడిగా ఉంది బాబూ, ఆగు" అని అరిచింది. హీరోగారు వింటాడా? తెల్లబూట్లు వేసుకుని, కత్తి తిప్పుకుంటూ ఉరికాడు. సర్రున జారాడు. ఆయన ఒక వైపు, కత్తి ఒక వైపు, నెత్తిమీది విగ్గు ఎగిరి నవ్వులమ్మ బకెట్లోకి. నవ్వులమ్మ నవ్వింది. అప్పుడు మైకు ఆన్ చేసే ఉంది. స్టూడియో మొత్తం అరగంట సేపు నవ్వీ నవ్వీ నేలమీద దొర్లింది. "ఆ నవ్వుని ఒడిసిపట్టండి!" అని కేకేశాడు ప్రోగ్రాంలన్నిటికీ యజమాని, పెద్దసారు. పట్టేశారు. అందుకు ఆవిడకి ఒక కొత్త బకెట్టు ఇచ్చారు. పాతదాంట్లో విగ్గు పడింది కదా పాపం.

ఆ స్టూడియోలో ఒక నవ్వుల పెట్టె ఉండేది. దానికి తొమ్మిది మీటలు. మొదటిది నొక్కితే గొంతులో నవ్వు, మూడోది ఇకిలింపు, ఆరోది ఆడవాళ్ళ కిలకిల, ఎనిమిదోది సభంతా ఒకేసారి నవ్వే నవ్వు. తొమ్మిదోది నవ్వులమ్మ. ఆ పెట్టె దగ్గర ఒక పెద్దాయన కూర్చునేవాడు. మీటల తాత అనేవాళ్ళు. ఎదురుగా అరవై కుర్చీల్లో జనం ఉండేవాళ్ళు గానీ, వాళ్ళకి ఎక్కడ నవ్వాలో తెలిసేది కాదు. పెట్టె నవ్వాక, ఓహో ఇక్కడన్నమాట అని వాళ్ళూ నవ్వేవాళ్ళు. తొమ్మిదో మీట నొక్కాడంటే ఇక కుర్చీలు ఊగాల్సిందే.

నవ్వులమ్మకి ఒక్కతే కూతురు. అదే స్టూడియోలో మేకప్ గదిలో పని. చిన్నా పెద్దా అందరూ పౌడరక్క అనేవాళ్ళు. నలభై దాటింది. మాట తక్కువ, చెయ్యి మెత్తన. ఆమె చెయ్యి మొహం మీద పడితే ఎంతటి కోపిష్టికైనా కునుకు పట్టేసేది. ఆ గదిలో నిద్రపోని నటుడు లేడు.

నవ్వులమ్మ పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. పౌడరక్క దగ్గర అమ్మ ఫొటోలు రెండే మిగిలాయి. రెండిట్లోనూ, ఫొటో తీసేవాడు కదలొద్దన్నాడని, ఆవిడ నోరు మూసుకుని బిగుసుకుపోయి ఉంది. నోరు మూసుకున్న అమ్మ పౌడరక్కకి అమ్మలా అనిపించేది కాదు. ఇంట్లో ఉన్నది ఎవరో పెద్దావిడ. అమ్మ ఉన్నది తొమ్మిదో మీటలో.

ప్రతి గురువారం మధ్యాహ్నం రికార్డింగు. మేకప్ గది తలుపు ఓరగా తెరిచిపెట్టి, దువ్వెన చేత్తో పట్టుకుని నిలబడేది. తాత మీట నొక్కేవాడు. అమ్మ నవ్వేది. ఒక్కో వారం నాలుగైదుసార్లు నవ్వేది. "ఈ వారం అమ్మ బాగానే ఉంది" అనుకుని ఇంటికెళ్ళేది పౌడరక్క.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మసిబుల్లి వచ్చింది.

మసిబుల్లి అంటే ప్రోగ్రాం పేరూ అదే, అందులో పనిమనిషి పేరూ అదే. ఆవలొడ్డు పనిమనిషి. తిండిపోతు, సోమరిపోతు, రెండు మాటలు చెప్తే మూడు మరిచిపోయే రకం. ఆ వేషం వేసేది ఎవరనుకున్నారు? ఎర్రబుగ్గలాయన. పాలరాయిలా ఉండే మగమనిషి. ఆయనకి గౌను తొడిగి, నడుముకి దిండు కట్టి, మొహానికి నల్లరంగు పూసి, పెదాలు చెవుల దాకా ఎర్రగా గీసేవాళ్ళు. మణికట్టు దాకే పూత, చేతులకి తొడుగులు. మెడ వెనక పూత ఉండదు, కెమెరా అటు చూడదు కాబట్టి. వెనకనుంచి చూస్తే తెల్లటి మెడమీద నల్లటి బోర్లించిన గిన్నెలా ఉండేవాడు. ఆ రంగు పూసేది ఎవరు? ఇంకెవరు, మన పౌడరక్కే.

ఆవలొడ్డు మనిషినే పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టి చూశారండీ. ఒకావిడ వచ్చింది, చక్కగా మాట్లాడింది. రాసేవాడు ఒకడున్నాడు, జోకుల మాస్టారు. ఆయన పెదవి విరిచి, "రంగు చాల్లేదు, యాస అసలే రావట్లేదు" అన్నాడు. పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న యాస ఆవిడకి రావట్లేదట! ఎర్రబుగ్గలాయన యాసేమిటయ్యా అంటే, ప్రతి మాట చివరా 'బో' అనడం. "వచ్చా బో, తిన్నా బో, పడ్డా బో." ఏటికి ఏ ఒడ్డునా, మధ్యలో చేపలు కూడా అలా మాట్లాడవు.

సరే, ఇక అసలు ముల్లు దగ్గరికి వస్తున్నా. వినండి.

నవ్వులమ్మ ఇంట్లో ఏ సరుకు అయిపోయినా 'లేదు' అనేది కాదు. 'అయిపోయింది' అని కూడా అనేది కాదు. "నిండుకుంది" అనేది. నూనె నిండుకుంది. సబ్బు నిండుకుంది. లేదనే మాట ఇంట్లో పలకకూడదు, పలికితే అది అక్కడే కాపురం పెడుతుందని ఆవిడ నమ్మకం. మనందరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనే మాటే ఇది. కానీ ఆ ఊళ్ళో ఈవలొడ్డు వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. ఆవలొడ్డోళ్ళ నోళ్ళలోనే మిగిలింది.

ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజు, నర్సమ్మ వచ్చి, "జగ్గులో నీళ్ళున్నాయా పెద్దమ్మా?" అని అడిగింది. "నిండుకుంది తల్లీ" అంది నవ్వులమ్మ. నిండుగా ఉందనుకుని నర్సమ్మ వెళ్ళిపోయింది. సాయంత్రం పౌడరక్క వచ్చేదాకా ఆవిడ గొంతు తడవలేదు. కూతురు నీళ్ళు పడితే తాగి, "నిండుకుందంటే నిండిందనుకుంది, పిచ్చితల్లి!" అని నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది. ఆ దగ్గుతోనే, తెల్లారేలోపే పోయింది.

ఈ సంగతి పౌడరక్క ఎవరికీ చెప్పలేదు, ఒక్కరికి తప్ప. మేకప్ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది. జోకుల మాస్టారు వచ్చి ఆ కుర్చీలో కూలబడి, "ఏంటక్కా, మొహం అలా పెట్టావ్?" అని ఆప్యాయంగా అడిగాడు. అడిగేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో! పౌడరక్క మొత్తం చెప్పేసింది. నిండుకుందనే మాట, నర్సమ్మ, పక్కన సొట్ట పడిన స్టీలు జగ్గు, అన్నీ. మాస్టారి కళ్ళు తడయ్యాయి. అబద్ధం కాదు, నిజంగానే తడయ్యాయి. కుడిచేత్తో తుడుచుకున్నాడు. అదే చేత్తో జేబులోంచి కలం తీశాడు.

ఆ వచ్చే గురువారం రికార్డింగు చూడాలి!

"మసిబుల్లీ, నూనె ఉందా?" అని అడిగింది యజమానురాలు.

"నిండుకుంది బో!"

"నిండిందా? సరే అయితే" అని ఆవిడ డబ్బా ఎత్తి మూకుట్లో వంచింది. చుక్క లేదు. గరిటెతో మసిబుల్లి నెత్తిమీద టంగుమని కొట్టింది. తాత తొమ్మిదో మీట నొక్కాడు.

తలుపు దగ్గర పౌడరక్క చేతిలో దువ్వెన కింద పడింది. అమ్మ మాట మీద అమ్మ చేతే నవ్వించారు.

వెళ్ళి అడగొచ్చు కదా అంటారు. ఏమని అడుగుతుంది? చెప్పింది తనే. అదీగాక అడిగితే, "నీకంత కష్టంగా ఉంటే ఆ నవ్వు తీసేస్తాంలే" అంటారేమోనని భయం. నవ్వు తీసేస్తే అమ్మేదీ? అందుకని నోరు మూసుకుని, ప్రతి గురువారం ఎర్రబుగ్గలాయనకి మసి పూసేది, అమ్మ నవ్వుతుంది కదా అని.

ఆ మాట ఊరంతా పాకింది. పాలు నిండుకుంది బో, కిరసనాయిలు నిండుకుంది బో. పౌడరక్క కొట్టుకి వెళ్తే కొట్టాయన, "ఏం కావాలి బో? ఏం నిండుకుంది బో?" అని కన్ను కొట్టేవాడు. మంచివాడేనండీ. తూకంలో ఎప్పుడూ మోసం చెయ్యలేదు. నవ్వితే తనూ నవ్వుతుందనుకునేవాడు. ఆవలొడ్డు ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆ మాట అనడం మానేశారు. నలుగురిలో ఉంటే "అయిపోయింది" అనేవాళ్ళు, తర్వాత ఇళ్ళల్లో కూడా అంతే. మాటే నిండుకుంది.

ఇలా మసిబుల్లి మొత్తం తొంభై తొమ్మిది వారాలు నడిచింది. అప్పుడు ఒకరోజు మీటల తాత పౌడరక్కని తన గదిలోకి పిలిచాడు. పెట్టె మూత తీసి చూపించాడు. తొమ్మిదో మీట కింద గోధుమరంగు పొడి రాలి ఉంది.

"టేపు అరిగిపోయింది తల్లీ. నొక్కినప్పుడల్లా ఇంత రాలుతోంది. వేరే టేపులోకి ఎక్కించి చూశా, ఎవరో రేకుడబ్బా గీకుతున్నట్టు వచ్చింది. ఈ నవ్వు ఇంకోచోటికి రానంటోంది."

"ఇంకా ఎన్ని ఉన్నాయి తాతా?"

తాత వేలితో టేపుని తడిమి చూశాడు, నాడి చూసే వైద్యుడిలా. "గట్టిగా అయితే నాలుగు."

నాలుగు.

"ఎనిమిదోది నొక్కు తాతా. నీకు దణ్ణం పెడతా. మా అమ్మని వాడకు."

"నేను చూస్తానుగా. కానీ రేపు వందో భాగం. పెద్దసారు నా పక్కనే కుర్చీ వేయించుకుంటున్నాడు."

గురువారం వచ్చింది. పొద్దున్నే ఎర్రబుగ్గలాయన మేకప్ గదిలోకి మొహానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. తువ్వాలు తీస్తే ఇంకేముంది, మొహమంతా బొబ్బలు. రెండేళ్ళుగా పూసిన రంగు ఒక్కసారి తిరగబడింది. "అక్కా, మంట! ఈ రంగుతో మనుషులు ఎలా బతుకుతారక్కా!" అని ఏడ్చాడు పాపం. పౌడరక్క తడిగుడ్డ వేసి పడుకోబెట్టింది.

పెద్దసారు ఊడిపడ్డాడు. అరవై కుర్చీలూ నిండిపోయాయి, మసిబుల్లి లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, పౌడరక్క మీద ఆగాడు.

"ఏమ్మాయ్, నువ్వు ఆవలొడ్డు మనిషివే కదూ? అన్ని భాగాలూ చూసే ఉంటావ్. గౌను వేసుకో."

"నాకు రాదు సార్."

"రాకపోవడమేంటి? నీ రక్తంలోనే ఉంటుంది. మూడే మాటలు."

పౌడరక్క నేల చూసింది. ఆ నేల తుడిచింది వాళ్ళమ్మే.

"వేస్తాను సార్. ఒక్కటి ఇవ్వండి చాలు. ఈ రోజయ్యాక ఆ తొమ్మిదో మీట టేపు నాకిచ్చేయండి."

పెద్దసారు ఆశ్చర్యపోయాడు. "ఆ పాత చెత్తా? పట్టుకుపో. వచ్చే వారం కొత్త పెట్టె వస్తోంది, దాంట్లో వంద రకాల నవ్వులు. ముందు ఈ భాగం అవ్వనీ."

గౌను వేసుకుని, దిండు కట్టుకుని వచ్చింది. పెద్దసారు తల పక్కకి వంచి చూశాడు. "అబ్బే. ఆవలొడ్డు దానిలా కనపడట్లేదు. రెండు పూతలు వెయ్యండి."

వేసేదెవరు? తనే. అద్దం ముందు కూర్చుంది. తన నల్లటి చెంప మీద నల్లరంగు పూసుకుంది. చెయ్యి అలవాటుగా మెత్తగానే తిరిగింది. ఆ కుర్చీలో మొదటిసారి నిద్రపట్టనిది ఆమెకే.

సెట్టులోకి అడుగుపెట్టి ఆగిపోయింది. ఇనప మంచం. పక్కన స్టూలు. స్టూలు మీద స్టీలు జగ్గు, ఒక పక్క సొట్ట. వందో భాగం కోసమని జోకుల మాస్టారు దాచిపెట్టుకున్నది ఇదీ! మసిబుల్లి ఆస్పత్రి పాలవుతుంది, నర్సు నీళ్ళున్నాయా అని అడుగుతుంది, నిండుకుంది బో అంటుంది, నర్సు వెళ్ళిపోతుంది, మసిబుల్లి దాహానికి జగ్గులో తల దూర్చి ఇరుక్కుంటుంది. మాస్టారు దూరంనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. సొట్ట కూడా మరిచిపోలేదు చూడక్కా, అన్నట్టు.

ముందు ఒకసారి ఊరికే చేసి చూశారు. తాత ఎనిమిదోది నొక్కాడు.

"ఇదేం నవ్వయ్యా, వందో భాగానికి?" అన్నాడు పెద్దసారు. "తొమ్మిదోది వెయ్."

తాత పౌడరక్క వైపు చూశాడు. నొక్కాడు. అమ్మ నవ్వింది. ఇక మూడు.

అప్పుడు కెమెరా తిరిగింది. నర్సు వేషం అమ్మాయి వచ్చి, "జగ్గులో నీళ్ళున్నాయా?" అని అడిగింది. పౌడరక్క మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ, నెమ్మదిగా అంది, "నిండుకుంది తల్లీ."

అరవై కుర్చీలూ కిక్కురుమనలేదు. ముందు వరసలో ఒకావిడ గొంతు సవరించుకుంది. ఆ నిశ్శబ్దంలో తొమ్మిదో మీట నవ్వింది, ఒంటరిగా, పిచ్చిదానిలా. ఇక రెండు.

"కట్!" అన్నాడు పెద్దసారు. "ఏంటమ్మాయ్, ఎవరో నిజంగా చచ్చిపోతున్నట్టు! బో ఏదీ? కళ్ళు తిప్పు, పెదాలు చాచు. మళ్ళీ."

మళ్ళీ నర్సు వచ్చింది. మళ్ళీ అడిగింది. పౌడరక్క నోరు తెరిచింది, "నిండుకుంది..." దాకా వచ్చింది. ఆ 'బో' మాత్రం రాలేదు. తాత కళ్ళు మూసుకున్నాడు. పెద్దసారు ఆయన భుజం తట్టాడు. నవ్వు వచ్చింది, మధ్యలో కరకరమంది, ఎవరో ఇసుక నములుతున్నట్టు. ఇక ఒక్కటే.

"కట్! మళ్ళీ!"

మంచం మీద పౌడరక్కకి అప్పుడు అర్థమైంది. తను సరిగ్గా చేస్తే అమ్మ మిగులుతుంది. సరిగ్గా చెయ్యడమంటే ఏమిటి? అమ్మని వెక్కిరించడం. వెక్కిరింపు ఎంత బాగా కుదిరితే అంత మిగులుతుంది. జనం వాళ్ళంతట వాళ్ళు పగలబడి నవ్వితే ఇక మీటతో పనేముంది?

లేచి కూర్చుంది. దిండు సరిచేసుకుంది.

నర్సు వచ్చింది. "జగ్గులో నీళ్ళున్నాయా?"

పౌడరక్క కళ్ళు గిరగిరా తిప్పింది. పెదాలు చెంబుమూతంత చాచింది. "నిండుకుందీ బో! బో బో బో!" అని గొర్రెలా అరిచింది. నర్సు అటు తిరగ్గానే జగ్గు ఎత్తి నోట్లో వంచుకుంది, అడుగు నాకింది, తల దూర్చింది, ఇరికించుకుంది. జగ్గుతోసహా లేచి, గోడకి టంగుమని కొట్టుకుని, దిండు జారి మోకాళ్ళలోకి వచ్చి, మంచం మీంచి దభీమని నేలమీద పడింది. పడి కూడా జగ్గులోంచి "బో" అంది.

అరవై కుర్చీలూ బద్దలయ్యాయి. పెట్టె నవ్వకుండానే జనం నవ్వారు. కడుపులు పట్టుకున్నారు. ముందు వరస ఆవిడ చెప్పు ఊడిపోయింది. జోకుల మాస్టారు గోడకి వేలాడిపోయి కళ్ళు తుడుచుకున్నాడు, అదే కుడిచేత్తో. మీటల తాత రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాడు, పోలీసులకి దొరికినవాడిలా, నేను ముట్టుకోలేదు చూడండి అన్నట్టు.

ఆ స్టూడియోలో ఆ వేళ నవ్వని ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు జగ్గులో, ఒకరు పెట్టెలో.

పెద్దసారు వచ్చి జగ్గు తనే లాగాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మాయ్ ఇదంతా! ఎర్రబుగ్గలాయన్ని మించిపోయావ్. అచ్చం ఆవలొడ్డు దానిలా చేశావ్ తెలుసా!"

"టేపు ఇస్తానన్నారు సార్" అంది పౌడరక్క.

తాత గదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు ఇద్దరూ. పౌడరక్క మొహం అలాగే ఉంది, చెమటకి రంగు చారలు కట్టింది.

"ముందు మొహం కడుక్కో తల్లీ."

"కడిగితే రెండు పూతలే పోతాయి తాతా."

తాత పెట్టె మూత తీశాడు. "ఒక్కటే ఉంది. ముక్క కోసి ఇలాగే ఇచ్చేయనా? వినిపించనా?"

"నా దగ్గర మిషనెక్కడుంది తాతా, ఇంటికెళ్ళి వినడానికి? వినిపించు." మళ్ళీ తనే అంది, "అమ్మ నామీద కోపంగా ఉంటుందేమో."

తాత మీట నొక్కాడు. అమ్మ వచ్చింది. కరకర లేదు. కత్తియుద్ధం రోజున ఎలా నవ్విందో అలాగే, కడుపులోంచి, కాళ్ళలోంచి, బకెట్టుతోసహా నవ్వింది. కిటికీ అద్దాలు ఊగాయి. గేటు దగ్గర కుక్క లేచింది. ఎప్పుడూ అయితే నవ్వు చివరికి రాగానే తాత వేలు తీసేసేవాడు. ఆ రోజు తియ్యలేదు. ఎందుకు తియ్యాలి, ఇంకెవరికోసం దాచాలి?

నవ్వు తగ్గింది. ఆయాసం. ఒక ఊపిరి. తర్వాత ఎవరూ ఎప్పుడూ వినని మాట వినపడింది, మెత్తగా, కంగారుగా.

"అయ్యయ్యో... తగిలిందా నాయనా? గట్టిగా తగిలిందా? ఏదీ, చూడనీ..."

టప్పున తెగింది. చక్రం ఖాళీగా తిరిగింది.

మీటల తాత ఆ చక్రం వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నేళ్ళలో ఇది నేనూ వినలేదు తల్లీ. నవ్వు అవ్వగానే తీసేసేవాణ్ణి. పడినవాణ్ణి అడుగుతోంది చూడు."

పౌడరక్క మంచం మీంచి పడ్డప్పుడు కొట్టుకున్న మోచెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా నొప్పి తెలియలేదు.

"తగిలిందమ్మా" అంది పెట్టెతో.

తాత జానెడు టేపు ముక్క కత్తిరించి, చుట్టి, ఆమె పౌడరు డబ్బాలో పెట్టి ఇచ్చాడు. పౌడరక్క మొహం కడుక్కుని బయటికి నడిచింది. ఇంకా బాగా ఎండగానే ఉంది. గేటు దగ్గర, తర్వాతి రికార్డింగు సీట్ల కోసం జనం వరసగా నిలబడి ఉన్నారు. ఎవరో ఒకసారి మొహానికి రాసే స్నో సీసా ఎత్తుకెళ్ళినప్పట్నుంచీ గేటు బాబాయి అందరి డబ్బాలూ తీయించి చూసేవాడు.

"ఏముందమ్మా అందులో?"

పౌడరక్క మూత తీసింది. గోధుమరంగు రిబ్బను ముక్క.

"ఇదేంటి?"

"మా అమ్మ నవ్వు బాబాయ్."

గేటు బాబాయి నవ్వులమ్మని ఎరిగినవాడే. ఆవిడ నవ్వుకి ఆయన టోపీ రెండుసార్లు ఎగిరిపోయింది. డబ్బా చెవి దగ్గర పెట్టుకోబోయి, సిగ్గుపడి ఆగాడు. "ఇంకేమైనా వినపడుతుందా అమ్మడూ?"

పౌడరక్క తల అడ్డంగా ఊపింది. తర్వాత, 'బో' లేకుండా, కళ్ళు తిప్పకుండా, అమ్మ ఎలా అనేదో అలాగే అంది.

"నిండుకుంది."

గేటు బాబాయి తల వంచుకున్నాడు. వరసలో మొదటివాడు, చంకలో గొడుగు పెట్టుకున్న పెద్దమనిషి, మెడ సాచి డబ్బాలోకి తొంగిచూసి, ఎంతో బాధ్యతగా చెప్పాడు:

"నిండితే మూత గట్టిగా పెట్టుకోమ్మా. బస్సులో ఒలికిపోతుంది!"